డబ్బు ఇచ్చినవాడు అడిగితే తప్పా?

ఈసారి సంపాదకీయం మోటారు సైకిళ్ళ రిపేరు గురించి. మిత్రులు కొందరు నవ్వొచ్చు. భూమి సంగతి అలాగే ఉంది, శ్మశానం దారి సంగతి అలాగే ఉంది, బ్యాక్‌లాగ్ పోస్టులు అలాగే ఉన్నాయి, మీకు బండి రిపేరు దొరికిందా అని అడగొచ్చు. అడగనివ్వండి. ఆత్రేయపురం చుట్టుపక్కల ఏ పేటలో కూర్చున్నా పది నిమిషాలు గడిచేసరికి మాట బండి మీదికి, బండి మీంచి షెడ్డు మీదికి, షెడ్డులో పోసిన డబ్బు మీదికి మళ్ళుతోంది. జనం బాధపడే విషయం చిన్నదని మనమే తేల్చేస్తే, మనం పెద్దవనుకునే విషయాలు వినడానికి వాళ్ళెందుకు రావాలి?

పేటకి బండి సోకు కోసం రాలేదు. ర్యాలి నుంచీ లొల్ల నుంచీ బొబ్బర్లంక నుంచీ తెల్లారకుండా బయల్దేరి రావులపాలెంలో పని వెతుక్కునే తాపీవాడికి బండి ఉంటేనే ఆ పూట కూలి. కొబ్బరి దింపు తీసేవాడు రోజుకి రెండు మూడు ఊళ్ళు తిరగాలి. పొయ్యి సెగకి కూర్చుని ఆడవాళ్ళు కుండ మీద తీసిన రేకులు పూతరేకులై దేశమంతా పోతున్నాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. గుర్తింపు ఊరికి వచ్చింది, మంచిదే. ఆ పెట్టెలు వెనకాల కట్టుకుని హైవే దుకాణాలకి మోసే బండి మాత్రం మన కుర్రాడిది, దాని వాయిదా మన కుర్రాడిది. శనివారం వాడపల్లి గుడి దగ్గర కొబ్బరికాయలూ పూలూ అమ్ముకునేవాడికీ బండే ఆధారం. చాలా ఇళ్ళలో ఆ బండి తల్లి కువైట్‌లో ఎవరి ఇంట్లోనో అంట్లు తోమి పంపిన డబ్బుతో కొన్నది. మిగతా ఇళ్ళలో ఫైనాన్సుది. బండి షెడ్డులో పదిరోజులు పడి ఉందని ఫైనాన్సువాడు వాయిదా ఆపడు.

ఇంకొకటి. మనది డెల్టా. రోడ్డుకి ఒక పక్క కాలవ ఉంటే రెండో పక్క బోదె ఉంటుంది. గట్టు మీద మలుపులో బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి పని సరిగ్గా చెయ్యకపోవడం అంటే ఐదారొందల రూపాయల నష్టం అనుకోకండి. ఒక్కోసారి మనిషే ఉండడు.

మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి కొంచెం వివరంగా చెప్తాం. తాపీ పనిచేసే ఒక తమ్ముడి బండి పొగ కొడుతోంది. షెడ్డుకి తీసుకెళ్తే ఇంజను దించాలి, బోరు చెయ్యాలి, పిస్టను, రింగులు కొత్తవి వెయ్యాలి అన్నారు. ఎంతవుతుందండి అంటే, విప్పితే గాని తెలీదన్నారు. విప్పాక ఆరున్నర వేలన్నారు. విప్పిన ఇంజను ముందు నిలబడి బేరమాడేదేముంది? ఇచ్చాడు. పది రోజులకి మళ్ళీ పొగ. వెళ్తే, రింగులు సెట్టవ్వాలి, వెయ్యి కిలోమీటర్లు తిరగనియ్ అన్నారు. తిరిగాడు. తిరిగితే ఇంజను పట్టేసింది. ఈసారి ఆయిలు నువ్వు చూసుకోలేదన్నారు. బిల్లు ఇవ్వండి, ఏమేం వేశారో రాసివ్వండి అంటే ‘మన మధ్య బిల్లేంట్రా’ అన్నారు. ఇంకో షెడ్డులో విప్పించి చూపిస్తే, ఆ మెకానిక్కు ఇవి కొత్త రింగులు కావన్నాడు. అయితే రాసివ్వు బాబూ అంటే, రోజూ మొహమొహాలు చూసుకునేవాళ్ళం, నన్నిందులోకి లాగకన్నాడు.

షెడ్డు పేరు మేము అచ్చువెయ్యడం లేదు. ఒకవైపు మాట మాత్రమే విన్నాం. రెండోవైపు వినకుండా పేరు వేస్తే గొడవ అవుతుంది గాని న్యాయం అవదు. అదీగాక ఆ కథలో పేరు మారిస్తే ఏ షెడ్డుకైనా అతుకుతుంది. ఆ తమ్ముడి దగ్గర కాగితం లేదు. పాత పిస్టను లేదు. పాత రింగులు లేవు. ఏ తేదీన ఇచ్చాడో, అప్పుడు మీటరు ఎంత ఉందో లేదు. ఉన్నదల్లా కోపం. కోపం సాక్ష్యం అవదు.

మన కోపం ఎటు పోతోందో కూడా చూస్తున్నాం. కొందరు నలుగురిని వేసుకుని షెడ్డు మీదికి వెళ్తున్నారు. అరుపులు, తోపులాట, తర్వాత మన మీదే కేసు. కొందరు నోరుమూసుకుని ఇంటికొచ్చేసి, ఇంకో షెడ్డులో మళ్ళీ అప్పు చేసి రిపేరు చేయించుకుంటున్నారు. ఎక్కువమంది ఈ రెండోరకమే. మూడోరకం పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళడం. దాని గురించి మా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాం. షెడ్డు ఓనరు తమ్ముడో, బావమరిదో, చీటీలు వేసుకునే నేస్తమో అయిన మనిషి అరుగు మీద కూర్చుని చెప్పే తీర్పు మనకి తీర్పు కాదు. ‘పోనీలే, సగం ఇచ్చేస్తాడు, మళ్ళీ బాగు చేసేస్తాడు, చేతులు కలపండి’ అంటారు. సగం రాదు. చేతులు మాత్రం కలుస్తాయి.

ఇదే తప్పు మన సంఘాల్లోకి కూడా వస్తోంది. ఫలానా అన్న దగ్గరికి వెళ్తే షెడ్డువాణ్ణి పిలిపించి మాట్లాడతాడని పేరు పడింది. మాట్లాడటం వరకు మంచిదే. కాని మాట్లాడిన అన్న బండికి ఆ మర్నాటి నుంచీ సర్వీసింగు ఉచితంగా జరుగుతుంటే, ఫిర్యాదు చేసినవాడు ఏమనుకోవాలి? కార్యకర్త పని ఫిర్యాదుదారుడికి కాగితం రాసిపెట్టడం, కూడా వెళ్ళి నిలబడటం. తగువు కొనుక్కుని తగువు అమ్ముకోవడం కాదు.

ఇక చట్టం సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు, అది 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బు తీసుకుని చేసే ఏ పనైనా సేవే. ఫ్రిజ్జు కొన్నవాడికీ విమానం ఎక్కినవాడికీ ఉన్న హక్కు, షెడ్డులో బ్రేకు షూలు మార్పించుకున్నవాడికీ ఉంది. పని నాణ్యతలో లోపం ఉంటే దాన్ని ‘సేవాలోపం’ అంటుంది చట్టం. చెప్పాల్సిన విషయం కావాలని దాచిపెట్టినా సేవాలోపమే. ఒక మెలిక ఉంది, గుర్తుపెట్టుకోండి. ఉచితంగా చేసిన పని చట్టం లెక్కలో సేవ కాదు. మనవాడే కదా, టీ ఇప్పిస్తే చేసేశాడు అనుకునే పనికి రేపు ఫిర్యాదు లేదు. అందుకని బావ అయినా సరే, వందైనా చేతిలో పెట్టి రాయించుకోండి.

బండి మీద వ్యాపారం చేసుకునేవాడు వినియోగదారుడు కాదని కొందరు వకీళ్ళు భయపెడుతుంటారు. అది సగం మాట. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని చట్టంలో ఉన్నమాట నిజమే. కాని తన కష్టంతో తన పొట్ట పోసుకోవడానికి వాడుకునేవాణ్ణి ఆ లెక్కలో వెయ్యకూడదని కూడా అదే చట్టంలో ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. బతకడానికి ఆటో కొని తనే నడుపుకునేవాడు వినియోగదారుడే అంది. ఆటోకి ఒక న్యాయం, కొబ్బరికాయల బండికి ఇంకో న్యాయం ఉండదు కదా.

బిల్లు దగ్గరికొద్దాం. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. షెడ్డువాడి దయ మీద ఆధారపడిన విషయం కాదిది. అచ్చువేసిన బిల్లుబుక్కు లేదంటాడు. పర్లేదు, తెల్లకాగితం మీద రాయమనండి. షెడ్డు పేరు, ఊరు, తేదీ, బండి నంబరు, ఏ పని చేశాడు, ఏ సామాను వేశాడు, సామానుకి ఎంత, కూలీ ఎంత, కింద సంతకం. ఇంతే. రాయడం రాదంటే మీరు రాసి సంతకం పెట్టించుకోండి. అందుకూ ఒప్పుకోకపోతే ఫోన్‌పే చెయ్యండి. దాంట్లో తేదీ ఉంటుంది, మొత్తం ఉంటుంది, ఎవరికి వెళ్ళిందో ఉంటుంది. దేనికిచ్చారో ఉండదు గనక మెసేజీ రాసే చోట ‘ఇంజను బోరు, కొత్త రింగులు’ అని కొట్టండి. చదువురాని అమ్మ అయినా పక్కనున్న పిల్లచేత కొట్టించొచ్చు. నగదు ఇచ్చి చేతులు దులుపుకుని రావడం మాత్రం మానండి.

విప్పిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం మోసాలు మొదలవకముందే ఆగుతాయి. పాత బ్రేకు షూలు, పాత చైను, పాత రింగులు, పాత క్లచ్ ప్లేట్లు, అన్నీ ఒక సంచిలో వేసి ఇమ్మనండి. సామాను మనది, మన డబ్బుతో కొన్నది, తుక్కుకి వేసినా ఆ డబ్బు మనదే. కొత్తవి వేసేటప్పుడు అట్టపెట్టె మీద కంపెనీ పేరు చూసి, ఆ పెట్టె కూడా తెచ్చుకోండి. ఒరిజినల్ అని డబ్బు తీసుకుని డూప్లికేటు వేస్తే పట్టుకోవడానికి ఆ పెట్టే మన సాక్షి. బండి అప్పజెప్పేటప్పుడు సెల్‌ఫోనుతో మీటరు ఫోటో, బండి నాలుగు పక్కలా ఫోటో తీసుకోండి. రీళ్ళు చూడటానికి రోజూ పనికొచ్చే ఫోను ఈ ఒక్కపూటా ఇందుకు పనికొస్తుంది.

‘విప్పితే గాని తెలీదు’ అనే మాట కొంతవరకు నిజం. ఇంజను లోపల ఏముందో బయటినుంచి చెప్పలేరు. కాని విప్పాక, పని మొదలెట్టకముందు ఎంతవుతుందో చెప్పొచ్చు. విప్పి చూడ్డానికి ఎంత, ఆ తర్వాత చేయించుకోకపోతే తిరిగి బిగించడానికి ఎంత అన్నది ముందే అడగండి. అడిగేవాడని తెలిస్తే అంచనా కొంచెం దగ్గర్లోనే చెప్తారు.

బండి ఆపేసుకోవడం మీద కూడా చాలామంది అడుగుతున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు సకాలంలో చేసిన మెకానిక్కు ఆ పని కూలీ వచ్చేదాకా ఆ బండిని తన దగ్గర ఉంచుకోవచ్చు. అప్పు పెట్టుకుని వేరే మాట అనుకుని ఉంటే తప్ప, ఈ హక్కు అతనికుంది. కష్టం చేసినవాడికి ఆమాత్రం ధీమా ఉండాల్సిందే, దాన్ని మనం కాదనం. కాని పాత బాకీ కింద కొత్త పనికి ఇచ్చిన బండి ఆపే హక్కు అతనికి లేదు. అటువంటి హక్కు అదే చట్టం 171వ సెక్షను బ్యాంకర్లు మొదలైన కొద్దిరకాల వాళ్ళకే ఇచ్చింది, మెకానిక్కుకి ఇవ్వలేదు. అన్న బాకీ పడ్డాడని తమ్ముడి బండి ఆపడం అంతకన్నా లేదు. ఇది మన పేటల్లో తరచూ జరుగుతోంది. ‘మీవాళ్ళంతా ఒకటేగా’ అంటారట. బాకీ వసూలుకి మాత్రం మేమంతా ఒకటి! బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యత కూడా 151వ సెక్షను అతని మీద పెట్టింది. వానలో బయట పడేసి, రాత్రి పెట్రోలు పోతే మాకు తెలీదంటే కుదరదు.

ఇంత చెప్పాక రెండోవైపు చూడకపోతే మేము న్యాయంగా మాట్లాడినట్టు కాదు. ఈ షెడ్లలో నూనె చేతులతో గొంతుక్కూర్చుని ఉన్నది చాలాచోట్ల మన కుర్రాడే. కొన్ని షెడ్లయితే మన కుర్రాడివే. బడిలో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఏడో తరగతిలో రెండు నెలలు రాకపోతే ఇంటికెళ్ళి అడిగితే ‘పని నేర్చుకుంటన్నాడండి, మేస్టారూ’ అంటారు. ఏం నేర్పుతున్నారు? పానాలు అందించడం, టీ తేవడం, బండి కడగడం. ఐదేళ్ళు అలా గడిచాక చూసి చూసి తనే బిగించడం మొదలెడతాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లాణ్ణి షెడ్డులో పనికి పెట్టుకోవడం నేరం, 2016లో చేసిన సవరణతో ఆ చట్టం ఇంకా గట్టిపడింది. మనమే పిల్లాణ్ణి అందులో పడేసి, రేపు వాడు రింగులు తిరగేసి బిగిస్తే తిడుతున్నాం. పద్ధతిగా నేర్చుకోవడానికి ఐటీఐల్లో టూవీలర్, త్రీవీలర్ మెకానిక్ కోర్సు ఉంది. పది పాసయ్యేదాకా ఆగండి, తర్వాత పంపండి.

పని చెడిపోవడానికి ఇంకో కారణం మెకానిక్కు చేతిలో లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే బండ్లన్నిటికీ బీఎస్-6 నిబంధన వచ్చింది. పాత కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. కొబ్బరికాయలు మోసే టీవీఎస్ ఎక్సెల్‌కి కూడా వచ్చాయి. చెవి పెట్టి ఇంజను చప్పుడు విని రోగం చెప్పే రోజులు కావివి. తప్పెక్కడుందో తెలియాలంటే స్కానరు తగిలించాలి. ఆ స్కానరూ, ఆ సమాచారమూ కంపెనీ షోరూములో దొరికినంత తేలిగ్గా రోడ్డుపక్క షెడ్డుకి దొరకదు. కార్ల విషయంలో ఇది పెద్ద కేసే అయింది. విడిభాగాలు, పరీక్ష చేసే పరికరాలు బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, అది వేరే కథ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనం ఓట్లేసి మరీ ఇటువంటి హక్కు తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జూలైలో ‘బాగుచేయించుకునే హక్కు’ మీద కమిటీ వేసింది, మోటారు వాహనాలు కూడా అందులో చేర్చింది. బాగుచేయించుకునే హక్కు మనకి, బాగుచేసే హక్కు షెడ్డు కుర్రాడికి. రెండూ కలిపి అడగాల్సినవే.

కాని తెలియని పని తెలుసని ఒప్పుకుని, ఇంజెక్షన్ బండి విప్పి, తీగలు కలిపి, పోగొట్టి, డబ్బు తీసుకోవడం దీనికింద దాక్కోలేదు. ‘ఇది నాకు తెలీదన్నా, రావులపాలెం తీసుకెళ్ళు’ అన్న మెకానిక్కుకి మేము దండం పెడతాం. అలాంటివాళ్ళు ఉన్నారు. ఏ బండి ఆగినా పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారండి అని తప్పించుకునేవాళ్ళూ ఉన్నారు.

కులం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్ళు రెండు విధాలా పొరబడుతున్నారు. పొద్దున ఏడింటికి బండి పెట్టి మన కుర్రాడు కూర్చుంటే, తొమ్మిదింటికి బుల్లెట్టు మీద వచ్చినవారి పని ముందవుతుంది. బుల్లెట్టాయన పని బాలేదంటే ‘అయ్యో, మా కుర్రాడు సరిగ్గా బిగించలేదండి, ఇప్పుడే చూస్తాను’. మన కుర్రాడు అదే మాటంటే ‘నీకు నడపడం రాదురా’. ప్రతి ఆలస్యమూ కులం కాదు. ఎక్కువ డబ్బిచ్చేవాడికి ముందు చేసే షెడ్లు అన్ని కులాల పేదల్నీ కూర్చోబెడుతున్నాయి. కాని పేట పేరు అడిగి వరస మార్చేది, పేట మనిషికి చెయ్యనని తిప్పిపంపేది కులమే. ఆ పని నేరం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షను ఉంది. అందరికీ ఏ షరతుల మీద సేవ చేస్తున్నారో అవే షరతుల మీద అంటరానితనం పేరుతో ఒకరికి నిరాకరిస్తే నెలకి తగ్గకుండా ఆరునెలల దాకా జైలు, జరిమానా. ఆ చట్టం వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది. ఆ సెక్షను పేరు కూడా వినని ఎస్సైలున్నారు.

తిరిగి అడిగినప్పుడు కులం పేరెత్తి తిడితే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికొస్తుంది. నలుగురు చూసే చోట జరగాలి అంటుంది చట్టం. నాలుగ్గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నమాట ఆ సెక్షను కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డుపక్క షెడ్డు నలుగురూ చూసే చోటే, అందులో అనుమానం లేదు. ఎవరెవరున్నారో వెంటనే రాసుకోండి. ఫిర్యాదు అందితే ముందస్తు విచారణ అని తిప్పడానికి వీల్లేదు. 2018 మార్చిలో ఆ చట్టానికి కోర్టు తీర్పు కోత పెడితే, ఏప్రిల్ 2న దేశం బందయింది, ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షను తెచ్చి సరిచేసింది. మనవాళ్ళు రోడ్డెక్కి, కొందరు ప్రాణాలు పోగొట్టుకుని నిలబెట్టుకున్న చట్టమది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాం. రింగులు బాలేవని అట్రాసిటీ కేసు పెట్టకండి. తిట్టనివాడు తిట్టాడని రాయించకండి. అలా ఒక్కటి రాసినా, రేపు నిజంగా దెబ్బతిన్నవాడు స్టేషను మెట్టెక్కితే ‘ఇదీ అలాంటిదే’ అంటారు. అలాగే నిజంగా కులం పేరుతో తిట్టినప్పుడు, రిపేరు డబ్బు తిరిగిచ్చేస్తాం, కేసు వదిలెయ్యండి అంటే వదలకండి. ఆరున్నర వేలు ఇంజను ఖరీదు. మనిషి ఖరీదు కాదు. పని చెడింది ఒక కాగితం మీద, తిట్టింది ఇంకో కాగితం మీద. ఒకటి వినియోగదారుల కమిషన్‌కి, ఒకటి పోలీసు స్టేషనుకి. రెండూ ఒకే ఫిర్యాదులో కలిపితే ఏదీ నిలబడదు.

వినియోగదారుల కమిషన్ అంటే పెద్ద కోర్టనుకుని భయపడక్కర్లేదు. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా రోజుల్లో కాకినాడలోనూ రాజమండ్రిలోనూ ఫోరాలుండేవి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వేరుపడింది గనక, మన మండలం ఫిర్యాదు ఎక్కడ తీసుకుంటారో ముందు ఫోన్లో కనుక్కుని బయల్దేరండి, బస్సు ఛార్జీ దండగవుతుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. వకీలు అవసరం లేదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. షెడ్డు ఎక్కడున్నా మీరు నివాసముండే చోటే వెయ్యొచ్చు, ఇది 2019 చట్టంలో కొత్తగా వచ్చిన సదుపాయం. రెండేళ్ళలోపు వెయ్యాలి. ఆర్డరు వచ్చాక షెడ్డువాడు డబ్బు కట్టకపోతే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా పాతిక వేల నుంచి లక్ష దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాశారు. అలా తేలుతుందని మాత్రం మేము మాటివ్వలేం.

1915 నంబరుకి ఫోను చేస్తే తెలుగులోనే చెప్పుకోవచ్చు. కంపెనీ షోరూములో సర్వీసింగు చెడితే ఈ ఫోను బాగా పనికొస్తుంది, పైన కంపెనీకి పరువు భయం ఉంటుంది. మన రోడ్డుపక్క షెడ్డు మీద దాని ఊపు తక్కువ. వకీలు కావాలనిపిస్తే, ఎస్సీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం 12వ సెక్షను ఇచ్చింది. కోర్టున్న ఊళ్ళో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో కులధ్రువపత్రం పట్టుకెళ్ళి అడగండి.

వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒక ఉత్తరం రాయడం. పోట్లాడి వచ్చాక రాసే ఉత్తరం కాదు, పోట్లాడకముందు రాసేది. చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది, ఎందుకంటే పేట మనిషి కాగితం పంపుతాడని షెడ్డువాడు అనుకోడు. నమూనా ఇది:

‘ఫలానా షెడ్డు యజమాని గారికి. నా బండి నంబరు ఇది. ఫలానా తేదీన ఇంజను బోరు చేసి కొత్త పిస్టను, రింగులు వేస్తామని చెప్పి నా దగ్గర ఇంత డబ్బు తీసుకున్నారు. అప్పుడు మీటరు ఇంత. ఫలానా తేదీన, మీటరు ఇంత ఉండగా ఇంజను పట్టేసింది. మళ్ళీ తీసుకువస్తే మీరు బాగుచెయ్యలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పని సరిగ్గా చేసివ్వాలి, లేదా తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి. బండి లేక ఇన్ని రోజుల కూలి పోయింది. ఏ సంగతీ తేల్చకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. బిల్లు, ఫోటోల నకళ్ళు జతపరిచాను.’

ఇందులో తిట్లు లేవు చూడండి. బతిమాలడం కూడా లేదు. రాసింది ఒక నకలు ఉంచుకోండి. ఇదివరకు రిజిస్టర్డ్ పోస్టు చేసేవాళ్ళం, 2025లో దాన్ని స్పీడు పోస్టులో కలిపేశారు. పోస్టాఫీసులో ‘అందినట్టు సంతకం తెప్పించాలి’ అని చెప్పి పంపండి, రసీదు పారెయ్యకండి. ఉత్తరం తీసుకోనన్నా ఆ మాట కవరు మీద రాసి తిరిగొస్తుంది, అదీ సాక్ష్యమే, కవరు చింపకుండా దాచండి. పదహారో రోజుకి జవాబు లేకపోతే కాగితాలు, పాత సామాను సంచి పట్టుకుని మా కార్యకర్తల్ని కలవండి. ఫిర్యాదు రాసిపెట్టినందుకు ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. అసలు కాగితాలు మా దగ్గర ఉంచుకోం, జిరాక్సులు చేయించుకుని రండి.